నోరు కట్టుకోమనే ముందు సిరంజి చూడండి

రాజపాళయం అనగానే మనకు తెల్లటి వేటకుక్క గుర్తొస్తుంది. తరాల కిందట ఆంధ్ర దేశం నుంచి వెళ్లి, ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడుకునే రాజులు గుర్తొస్తారు. ఆ ప్రాంతపు అరుంధతీయుల్లో చాలామందికి ఇంటి భాష తెలుగేనన్న సంగతి మాత్రం అంతగా గుర్తు రాదు. పడమటి కనుమల కింద, విరుదునగర్ జిల్లాలో ఉన్న ఈ పట్టణం 1930ల నుంచి నూలు మిల్లుల ఊరు. పక్కనున్న చత్రపట్టిలో మరమగ్గాల మీద ఆస్పత్రులకు కట్టు గుడ్డ నేస్తారు. పుండుకు చుట్టే గాజుగుడ్డ నేసే చేతుల్లో, కాలికి షుగర్ పుండు ఉన్నవాళ్ల చేతులు కూడా ఉంటాయి.

ఇన్సులిన్ మీద బతికే కూలిమనిషికి షుగర్ దిగలేదంటే రాజపాళయంలోనైనా రాజమండ్రిలోనైనా మొదట వినిపించే మాట ఒకటే. "నోరు కట్టుకోవాలయ్యా." డాక్టరు గారు అంటారు, నర్సమ్మ అంటుంది, ఇంట్లో అత్తగారు అంటుంది, గుడిలో పక్కన కూర్చున్న ఆంటీ కూడా అంటుంది. తిండి లెక్కలోకి రాదని నేననను. కానీ తిట్టు తిన్న మనిషి మరుసటిసారి నిజం చెప్పడు. అసలు కారణం వెతకకుండానే డోసు పెరుగుతుంది. మొండి షుగర్ అని పేరు పెట్టేస్తాం. ఆ మొండితనం చాలాసార్లు మనిషి నోట్లో ఉండదు.

సిరంజి సంగతే చూడండి. మన దేశంలో మామూలుగా దొరికే ఇన్సులిన్ సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. దానికి ఎర్ర మూత సిరంజి. పెన్నులో వేసే కార్ట్రిడ్జిలోనూ, కొన్ని ఖరీదైన సీసాల్లోనూ మిల్లీలీటరుకు 100 యూనిట్లు. ఆ సీసాలకు నారింజ మూత సిరంజి. షాపులో ఎర్రది అయిపోయి నారింజది చేతిలో పెట్టారనుకోండి. డాక్టరు రాసిన 20 యూనిట్ల కోసం సరిగ్గా 20 గీత దాకా లాగినా, 40 బలం మందు ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. నెల తిరిగేసరికి షుగర్ 350 ఉంటుంది. అన్నం మానెయ్యమంటారు, డోసు పెంచుతారు. పెంచిన డోసును ఎర్ర సిరంజితో వేసుకున్న రోజున మనిషి పడిపోతాడు. తిరగేసి, 100 బలం మందును ఎర్ర సిరంజిలో 20 గీత దాకా తీస్తే వెళ్లేవి 50 యూనిట్లు. అది ప్రాణాల మీదికే. ఇందులో నోరు చేసిన తప్పేముంది? అమెరికా, బ్రిటన్ లాంటి దేశాలు 1970, 80 దశకాల్లోనే సీసాలన్నిటినీ 100 బలానికి మార్చేశాయి. మనం మాత్రం అక్షరం రాని మనిషిని మూత రంగు చూసి బతకమని వదిలేశాం.

రోజూ ఒకేచోట గుచ్చుకుంటే చర్మం కింద కొవ్వు గడ్డ కడుతుంది. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి చెయ్యి మళ్లీ అక్కడికే పోతుంది. ఆ గడ్డలోంచి మందు ఒకరోజు బాగా ఎక్కుతుంది, ఇంకోరోజు ఎక్కదు. బొడ్డు చుట్టూ చేత్తో తడిమి చూడటానికి ఒక్క నిమిషం చాలు. కిటకిటలాడే ఓపీలో ఆ నిమిషమే దొరకదు. చోటు మార్చాక అదే డోసు మరీ ఎక్కువై షుగర్ పడిపోవచ్చు, కాబట్టి డాక్టరుకు చెప్పి మార్చాలి.

ఇక ఎండ. తెరవని సీసా 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి, గడ్డకట్టకూడదు. వాడుతున్న సీసా 30 డిగ్రీల లోపు నాలుగు వారాల దాకా ఆగుతుంది. రేకుల ఇంట్లో ఏప్రిల్ మధ్యాహ్నం ఆ లెక్క నిలవదు. అలాగని ఫ్రిజ్ లేని ఇంటికి ఇన్సులిన్ వద్దనడం అన్యాయం. కెన్యాలోని డగహలే శరణార్థి శిబిరపు వేడిని నమూనాగా తీసుకుని ఎం.ఎస్.ఎఫ్., జెనీవా విశ్వవిద్యాలయం చేసిన పరీక్ష 2021లో వెలువడింది. 25, 37 డిగ్రీల మధ్య ఊగే వేడిలో నాలుగు వారాలున్నా ఇన్సులిన్ బలం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదని అందులో తేలింది. కుండలో కుండ పెట్టి, మధ్య ఇసుక తడిపి, నీడన ఉంచితే పేద ఇంట్లోనూ ఇన్సులిన్ దాచుకోవచ్చు. ఈ మాట మందు చీటీతోపాటే చెప్పాలి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు పని వేళలది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి అని రాసే రెండు సూదుల పద్ధతి, వేళకు తిని వేళకు పడుకునే మనిషిని ఊహించుకుని రాసింది. మిల్లు 24 గంటలూ తిరుగుతుంది. రాత్రి షిఫ్టు మనిషికి ఏది పొద్దున, ఏది రాత్రి? అయిదు గంటల పనికి మించకుండా అరగంట విరామం ఇవ్వాలన్నది 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉన్న నియమం. ఆ అరగంట ఎప్పుడొస్తుందో సూపర్వైజరుకు తెలుసు, ఒంట్లోని ఇన్సులిన్‌కు తెలియదు. తిండి ఆలస్యమైతే షుగర్ 70 కిందికి జారి, తిరిగే యంత్రం ముందు చేతులు వణుకుతాయి, కళ్లు తిరుగుతాయి. అలా ఒక్కసారి అయినవాడు తర్వాత షిఫ్టుకు వెళ్లే ముందు డోసు తగ్గించుకుంటాడు, లేదా మానేస్తాడు. దాన్ని మనం నిర్లక్ష్యం అంటాం. నన్నడిగితే అది వేళ్లు కాపాడుకునే తెలివి. జేబులో మూడు చెంచాల పంచదార పొట్లం, తిన్నాక పావుగంటకు మళ్లీ పరీక్ష చేసుకునే వీలు, సూది వేసుకోవడానికి శుభ్రమైన చోటు ఉంటే అతనికి ఆ భయం తగ్గుతుంది. పదిమంది కూడా లేని మరమగ్గాల షెడ్డులో ఈఎస్ఐ సైతం ఉండదు.

పేదల ఒంటిని వైద్యమే సరిగా చూడలేదనడానికి ఒక చరిత్ర ఉంది. చిన్నతనం నుంచీ చాలీచాలని తిండితో పెరిగిన బక్కపలచని మనుషుల్లో వచ్చే షుగర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో వేరే రకంగా గుర్తించి, 1999లో జాబితాలోంచి తీసేసింది. వెల్లూరు సీఎంసీ వైద్యులు అమెరికా పరిశోధకులతో కలిసి పట్టువదలకుండా పనిచేశాక, 2025లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య దాన్ని ఐదో రకంగా ఒప్పుకుంది. ఇలాంటివాళ్లకు ఇన్సులిన్ ఎక్కువైతే, అందులోనూ తిండి సరిగా లేనిచోట, చాలా ప్రమాదం. వాళ్లకు నోరు కట్టుకోమని చెప్పడమంత క్రూరమైన మాట ఇంకోటి లేదు. ఆకలే వాళ్ల జబ్బుకు మూలం.

మన సంఘాల్లోనూ ఒక జాగ్రత్త కావాలి. ఉపవాస ప్రార్థన రోజున ఇన్సులిన్ వేసుకునే తమ్ముడు పొద్దున్నే ఇడ్లీ తిని వస్తే ఎవరూ ఓరకంట చూడకూడదు. సూది మానెయ్యమని ఎవరు చెప్పినా, పాస్టరు గారు చెప్పినా సరే, వినకూడదు. టైప్ 1 ఉన్నవాళ్లకు షుగర్ 250 దాటి, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలైతే తిండి సహించకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టు 5న మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం' బీపీ, షుగర్ మందులను గడప దగ్గరికి తెచ్చింది. మెచ్చుకోవాల్సిన పని. ఆ గడప తొక్కే ఆరోగ్య కార్యకర్తకే ఇంకో నాలుగు పనులు అప్పగించమని మనం అడగాలి. సీసా, సిరంజి పక్కపక్కన పెట్టి బలం సరిపోయిందో లేదో చూడటం, సూది గుచ్చే చోట తడమడం, మందు ఎక్కడ దాస్తున్నారో చూడటం, ఈ వారం షిఫ్టు ఏదని అడిగి రాసుకోవడం. వాటితోపాటు నాలుగు స్ట్రిప్పులు కూడా ఇవ్వాలి. పొద్దుటి షుగర్ ఎక్కువుందని రాత్రి డోసు పెంచే ముందు, తెల్లవారుజామున 3 గంటలకు ఒకసారి పరీక్ష చేసుకోమని చెప్పాలి. ఆ చీటీ డాక్టరు గారి బల్ల మీదికి చేరాక తిండి సంగతి అడగనివ్వండి.