‘నయం’ అనే మాటకు రెండు అర్థాలు

తెలుగులో ‘నయం’ అన్న మాట చాల చిత్రమైనది. జ్వరము పూర్తిగా విడిచి మనిషి లేచి తిరుగుతుంటే ‘నయమైంది’ అంటాము. నిన్నటికంటె నేడు కొంచెము తేలికగా ఉన్నా ‘ఇవాళ నయమే’ అంటాము. మొదటి నయము రోగానికి ముగింపు. రెండవది కేవలము ఒక పోలిక. పడిశము, పైత్యము వంటి చిన్న జబ్బులలో ఈ రెండు అర్థాలకూ నడుమ ఎడము నాలుగు రోజులే కనుక చిక్కు లేదు. ఏళ్ళ తరబడి వెంటాడే ఉబ్బసము వంటి వ్యాధిలో మాత్రము చిక్కంతా అక్కడనే ఉన్నది. ‘నయమవుతుందా?’ అని రోగి మొదటి అర్థములో అడుగుతాడు. ‘నయమవుతుంది’ అని వైద్యుడు రెండవ అర్థములో సమాధానమిస్తాడు. ఇద్దరూ సత్యమే పలికినారు. అయినా ఆరు నెలలు తిరిగేసరికి ఒకరి మీద ఒకరికి విశ్వాసము సన్నగిల్లుతుంది. తీవ్రమైన ఉబ్బసానికి కొత్త చికిత్స మొదలుపెట్టవలెనా, వద్దా అన్న నిర్ణయము చేయబోయేవారు ముందుగా ఈ మాట సంగతి తేల్చుకొనవలెనని నా మనవి.

ఈ విషయము ఆలోచించడానికి హైదరాబాదు పాతబస్తీలోని ధూల్‌పేట తగిన స్థలము. పేరులోనే ధూళి వినిపిస్తుంది. వినాయకచవితికి నగరపు పందిళ్ళలో నిలిచే విగ్రహాలు ఎన్నో అక్కడ రూపు దిద్దుకొంటాయి. సంక్రాంతికి ఎగిరే పతంగులు అక్కడ తయారవుతాయి. తరాల క్రిందట ఉత్తరాదినుండి వచ్చి స్థిరపడిన లోధ్ కుటుంబాలు ఈ విద్యలతో బ్రతుకుతున్నవి. ప్లాస్టర్ పొడి, కొబ్బరిపీచు నలుసు, యంత్రముతో చిమ్మే రంగుల ఆవిరి, ఇరుకుసందుల పొగ — ఇవేవీ ఉబ్బసరోగి ఊపిరితిత్తులకు చుట్టాలు కావు. అట్టి చోట విగ్రహాలకు రంగులు వేసి బ్రతికే నలుబదియేండ్ల మనిషి నొకనిని ఊహించుకొందాము. అక్కడివారు ‘దమా’ అనే ఈ జబ్బు అతనికి చిన్ననాటినుండి ఉన్నది. అతని ముందు రెండు దారులున్నవి.

మొదటి దారి చాల దగ్గర. ప్రతి ఏడూ జూన్ మాసములో మృగశిర కార్తె ప్రవేశించగానే బత్తిని గౌడ్ కుటుంబమువారు చేపమందు పంచుతారు. 1845లో ఒక సాధువు తమ పూర్వికుడైన వీరన్న గౌడ్‌కు ఈ యోగమును ఉపదేశించినాడని ఆ కుటుంబము చెప్పుకొంటున్నది. పూర్వము దూద్‌బౌలిలోని వారి ఇంటివద్దనే పంపకము జరిగేది. తరువాత నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి మారింది. ప్రాణముతో ఉన్న చిన్న కొర్రమీను నోట మందు ఉంచి రోగిచేత మ్రింగిస్తారు. శాకాహారులకు బెల్లముతో ఇస్తారు. నలుబదియైదు దినాల పథ్యము, వరుసగా మూడేండ్లు సేవించవలెనన్న నియమము ఉన్నవి. మందుకు పైకము పుచ్చుకొనరు. కోవిడ్ కారణముగా మూడేండ్లు ఆగి 2023లో మరల సాగింది. మృగశిరనాడు చేపలు తినుట, ఇంగువ బెల్లము తినుట తెలంగాణములో ఇంటింటి ఆచారమే కనుక ఈ మందు జనానికి పరాయిదిగా తోచదు.

దీనిని పరిహసించుట సులభము. నేను పరిహసించను. దేశపు నలుమూలలనుండి జనము అక్కడికి ఎందుకు వస్తున్నారో ఆలోచించవలెను. చీటీ అడిగేవారు లేరు. ఎంత సంపాదిస్తావని అడిగేవారు లేరు. తనవలెనే రొప్పుతున్న వేలమంది తోడున్నారు. ఒక మనిషి చేయి తన గడ్డము పట్టుకొని మందు పెడుతున్నది. మన ఆసుపత్రులలో రోగికి దొరకనిది ఏమిటో ఆ వరుసలో నిలబడితే తెలుస్తుంది. అంతమాత్రాన ఆ మందు పనిచేస్తుందని అనలేము. చేప కదులుతూ పోయి గొంతును శుభ్రము చేస్తుందంటారు. కాని మ్రింగినది అన్నవాహికలోనికి పోతుంది, ఉబ్బసము ఉన్నది శ్వాసనాళములలో. యోగము రహస్యము కనుక పరీక్షకు నిలుచుట లేదు. ‘మందు’ అన్న మాటపై వివాదము చెలరేగిన తరువాత దానిని ‘ప్రసాదము’ అనుట అలవాటైంది. భాషాధ్యాపకునిగా నాకు ఈ మాటమార్పు మిక్కిలి అర్థవంతముగా కనిపిస్తుంది. మందును ప్రశ్నించవచ్చును, ప్రసాదమును ప్రశ్నించరాదు. ప్రశ్నకు అందనిది భక్తికి ఆలంబనము కావచ్చును గాని చికిత్సకు ఆధారము కాజాలదు.

రెండవ దారి ఆసుపత్రిది. పీల్చే మందులు పెద్ద మోతాదులో క్రమముగా వాడినా లొంగని ఉబ్బసానికి ఈ ఇరువది యేండ్లలో ‘బయొలాజిక్’ అనే సూదిమందులు వచ్చినవి. అమెరికాలో 2003లో ఒమాలిజుమాబ్, 2015లో మెపోలిజుమాబ్, 2017లో బెన్రాలిజుమాబ్, 2018లో ఉబ్బసానికి డుపిలుమాబ్, 2021లో టెజెపెలుమాబ్ అనుమతి పొందినవి. ఇవి శ్వాసనాళములను వాపెక్కించే గొలుసులో ఒక్కొక్క కొక్కెమును పట్టి విడదీస్తాయి. ఒకటి ఐజీఇ అనే పదార్థాన్ని, కొన్ని ఇయోసినోఫిల్ అనే రక్తకణాలను అదుపు చేస్తాయి. తగిన రోగిని ఎన్నుకొని ఇచ్చినచోట ఉధృతముగా వచ్చే దాడులు ఇంచుమించు సగానికి తగ్గినట్లు పరీక్షలలో తేలింది. సగానికి తగ్గినవి అన్నారు, పోయినవి అనలేదు. సూది ఆపితే జబ్బు చాలమందిలో మరల తల ఎత్తుతుంది. అనగా వైద్యుడు ఇక్కడ ఇవ్వగలిగినది రెండవ అర్థములోని నయమే.

ఇది నిరాశ పడవలసిన విషయమా? మన ప్రాచీనులు అట్లు భావించలేదు. చరకసంహిత శ్వాసరోగాలను అయిదు విధాలుగా విభజించి, అందులో నేటి ఉబ్బసానికి దగ్గరగా ఉన్న తమకశ్వాసమును ‘యాప్యము’ అన్నది. క్రొత్తగా పుట్టినదైతే సాధ్యము కావచ్చు, ముదిరినది యాప్యము. సాధ్యముకాదు, అసాధ్యమూ కాదు. చికిత్స సాగినంత కాలము నిలిచి, ఆపితే కూలేది. కూలబోయే ఇంటికి గుంజ పోటుపెట్టినట్లన్నమాట. ఇంత చక్కని మాట మన వైద్యములో ఉండగా మనము దానిని వదలి, ‘సమూలముగా నయము చేస్తాము’ అని గోడలమీద వ్రాసినవారి వెంట పడుతున్నాము. అట్టి పొడులలో కొన్నిటిలో స్టెరాయిడు రహస్యముగా కలిసి ఉన్నట్లు పరీక్షలలో బయటపడిన సందర్భాలున్నవి. సూదిమందు యాప్యమునకు తగిన గుంజ. గుంజను గుంజగా ఎరిగి పెట్టుకొన్నవాడు మోసపోడు.

అయితే కొత్తదని నమ్మవచ్చునా? ‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అన్నారు. వైద్యములో ఆ వింత ప్రాణము మీదికి తెచ్చిన సందర్భాలు ఉన్నవి. 1960 దశకములో ఇంగ్లండు మొదలైన దేశాలలో ఉబ్బస మరణాలు పెరిగినవి. అప్పట్లో కొత్తగా వచ్చిన గాఢమైన ఐసోప్రెనలిన్ పీల్పుమందును రోగులు అతిగా వాడుటతో ఆ మరణాలను ముడిపెట్టినారు. హెచ్చరికలు వచ్చి వాడుక తగ్గినాక మరణాలు తగ్గినవి. తక్షణ ఉపశమనమిచ్చే మందును ఒంటరిగా నమ్ముకొనవద్దని, వాపును తగ్గించే మందు తోడుగా ఉండవలెనని అంతర్జాతీయ మార్గదర్శకులు 2019లో చెప్పినారు.

మన హైదరాబాదు చరిత్రలోనే మరొక పాఠమున్నది. 1888లోను, 1889లోను ఇక్కడ క్లోరోఫారం కమీషనులు జరిగినవి. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో, నిజాం ప్రభువు ధనముతో, వందలాది జంతువులపై పరీక్షలు చేసి, క్లోరోఫారం మొదట శ్వాసను ఆపుతుందే గాని గుండెను నేరుగా ఆపదని నిర్ణయించినారు. శ్రమకు లోటు లేదు, ధనానికి లోటు లేదు. అయినను 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు, తేలికపాటి మత్తులోనే క్లోరోఫారం గుండెను హఠాత్తుగా తడబడజేయగలదని చూపినాడు. ముందే మనసులో కుదిరిన నిర్ణయానికి సాక్ష్యము వెదకుట పరీక్ష కాదు; దానికి విరుద్ధమైన సాక్ష్యమును వెదకుటయే పరీక్ష. ఈ నియమము చేపమందుకెంతో సూదిమందుకూ అంతే.

ఉబ్బసము విషయములో ఈ జాగ్రత్త మరింత అవసరము. ఈ జబ్బు తనంతట తానే పెరిగి తగ్గుతూ ఉంటుంది. రోగి కొత్త మందు కొరకు పరుగెత్తేది బాధ పరాకాష్ఠలో ఉన్నప్పుడు. అటు తరువాత ఏమి చేసినా, ఏమీ చేయకున్నా, కొంత తగ్గుట సహజము. ఆ తగ్గుదలను చేప తన ఖాతాలో వేసుకొంటుంది. సూది కూడా వేసుకొనగలదు. సూదిమందుల పరీక్షలలో మందు లేని ఉత్తుత్తి సూదిని పొందినవారికి సైతము కొంత మెరుగు కనిపించింది. అసలు సూది దానిని మించినందువల్లనే దానికి గుర్తింపు వచ్చింది. ఇరుగుపొరుగు సాక్ష్యానికీ, తులనాత్మక పరీక్షకూ ఉన్న వ్యత్యాసమిదే.

కనుక మన రంగులవాడు నిర్ణయము చేయుటకు ముందు కొన్ని ప్రశ్నలు వేయవలెను. మొదటిది: నా ఉబ్బసము నిజముగా తీవ్రమైనదా, లేక చికిత్స సరిగా అందనిదా? పీల్చే మందును పీల్చే పద్ధతి తెలియక సగము గాలిలో కలుపుకొనేవారు, బాగున్ననాడు మానేవారు, ‘అలవాటవుతుంది’ అన్న భయముతోనో, ఆడపిల్ల పెళ్ళికి అడ్డమన్న సంకోచముతోనో దాచేవారు మనలో ఎందరో ఉన్నారు. పొగత్రాగుడు, ముక్కు జబ్బులు, కడుపులోని ఆమ్లము పైకెగయుట, పనిచోటి ధూళి — వీటిని చక్కదిద్దితే ‘తీవ్రము’ అనుకొన్నది చాలమందిలో మామూలుదిగా మారుతుంది. ఎంత ఖరీదైన సూదియైనా ప్లాస్టర్ పొడిని పీల్చుటకు అనుమతిపత్రము కాదు. పని మానుకొమ్మని చెప్పుట మనకు సులభము, అతనికి ఆకలి. పొడిని తడిపి ఎత్తుట, ముక్కుకు మంచి ముసుగు, రంగు చిమ్మే పని ఇంకొకరికి అప్పగించుట మాత్రము సాధ్యమే.

రెండవ ప్రశ్న: నా జబ్బు ఏ తరగతిది, ఏ సూది దానికి సరిపోతుంది? రక్తపరీక్ష చూడకుండా ఎవరో వాడినారని వాడుట తగదు. ఇయోసినోఫిల్ కణాలను తగ్గించే మందుకు ముందు కడుపులో పురుగులు లేవని నిశ్చయించుకొనుట మన దేశములో మరువరానిది. మూడవది: మందు పనిచేసినదని దేనినిబట్టి చెబుతాను? గడచిన ఏడాదిలో ఎన్ని దాడులు, ఎన్ని రాత్రులు కూర్చుండి తెల్లవార్చినది, ఎన్నిసార్లు ఆసుపత్రిలో చేరినది, ఎన్ని స్టెరాయిడు మాత్రలు మింగినది ఒక పుస్తకములో వ్రాసుకొనవలెను. నాలుగవది: ఎప్పుడు తీర్పు? కనీసము నాలుగు నెలలు చూచి, లాభము లేకుంటే మానుట లేక మార్చుట అని ముందే గడువు పెట్టుకొనవలెను. గడువులేని ఆశ అప్పువంటిది. వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. అయిదవది: ప్రమాదమేమిటి? తీవ్రమైన ప్రతిచర్య అరుదే గాని లేకపోలేదు. అందుచేత మొదటి సూదులు వైద్యుల కనుసన్నలలో వేయించుకొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది ఆరవది: మొదలుపెట్టకుంటే ఏమవుతుంది? కొత్త మందుకు భయపడేవారు, పాత దారి నిరపాయమని అనుకొంటారు. కాని తీవ్రమైన ఉబ్బసములో పాత దారి అంటే తరచు స్టెరాయిడు మాత్రలు. అవి ప్రాణము నిలిపినవి, నిజమే. ఏళ్ళు గడిస్తే ఎముకలను గుల్ల చేస్తాయి, మధుమేహమును తెస్తాయి, కంటికి శుక్లము కమ్మిస్తాయి. చాలాకాలము వాడినవాటిని ఒక్కసారిగా ఆపుట మరింత ప్రమాదము. సూదిని పోల్చవలసినది ఆరోగ్యముతో కాదు, ఈ మాత్రలతో. ‘దానికంటె ఇది నయమా?’ అన్నదే సరియైన ప్రశ్న. మన భాష ఆ ప్రశ్నను ఎప్పుడో సిద్ధము చేసి ఉంచింది.

నెలకు పదులవేల రూపాయలయ్యే సూదిని గూర్చి ధూల్‌పేటలో ముచ్చటించుట పరిహాసమని కొందరు అనవచ్చును. ఆ మాటలో న్యాయమున్నది. కాని ఉబ్బసరోగులలో అత్యధికులకు ఈ సూది అవసరమే లేదు. అత్యవసర ఔషధాల జాతీయ జాబితాలో ఉన్న పీల్చే మందులు ప్రతి బస్తీ దవాఖానాలోను ఎడతెగక దొరికితే, వాడే పద్ధతిని ఓపికతో నేర్పితే చాలు. మిగిలేది నూటికి కొద్దిమంది. ఆ కొద్దిమందిని నిపుణులు పరీక్షించి, తగినవారికి ప్రభుత్వమే సూదిని ఇచ్చుట అసాధ్యము కాదు. వారు మాటిమాటికి ఆసుపత్రిలో చేరుట కూడ ప్రజల ధనముతోనే గదా! ఉస్మానియా ఆసుపత్రి నూతన భవనాలకు 2025 జనవరి 31న గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. ధూల్‌పేటకు అది ఆనుకొని ఉన్న చోటు. ఆ భవనాలలో తీవ్ర ఉబ్బసానికి వారానికొక దినము ప్రత్యేకముగా కేటాయించి, రోగి మాట సాంతము వినేందుకు ఒక వైద్యుని కూర్చుండబెట్టవలెనని కోరుట అత్యాశ కాదు. అక్కడ ఉర్దూలో, హిందీలో, తెలుగులో మాటాడేవారు ఉండవలెను. మృగశిరనాటి వరుస చిన్నదగుట హేళనవల్ల జరుగదు. ఇట్టి ఆదరణవల్లనే జరుగుతుంది.

చివరకు నిర్ణయము రోగిదే. వైద్యుడు దారి చూపవలెను, కుటుంబము తోడుండవలెను. ఊపిరి మాత్రము అతనిది. ఆరు ప్రశ్నలకు జవాబులు విని, పైకమూ ఓపికా లెక్క చూచుకొని ‘మొదలుపెడతాను’ అన్నా, ‘ఇప్పుడు వద్దు’ అన్నా అది వివేకమే. అడుగకుండ ఒప్పుకొనుట, అడుగకుండ తిరస్కరించుట — ఈ రెండే అవివేకము. ఇకమీదట వైద్యుని ఎదుట కూర్చున్నప్పుడు ‘నయమవుతుందా?’ అని ఊరుకొనక, ‘ఏ నయము, ఎంత నయము, ఎన్నాళ్ళ నయము?’ అని అడుగుదాము. ఆ మూడు మాటలకు తిన్నగా జవాబు చెప్పగల వైద్యుడు ఏ వైద్యమువాడైనా నమ్మదగినవాడు.