గ్రంథజాలముల మేళనము – తెలుగు లిపి

ఒక జాలస్థానమందలి గ్రంథసామగ్రిని వేఱొకదానిలో చేర్చుట కేవలము యంత్రజ్ఞుల పనియని మనలో పెక్కురు తలచుచున్నారు. ఈ తలంపు సరికాదు. చేర్చునప్పుడు ఏది వచ్చినదో, ఏది జారిపోయినదో చూడవలసినవాడు ఆ భాష నెఱిగినవాడే.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సంగతి ఇందుకు తార్కాణము. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ కేంద్రముగా నడచిన ఈ ప్రణాళికయందు వేలకొలది తెలుగు పుస్తకములకు ఛాయాప్రతులు సిద్ధమైనవి. 2017 ప్రాంతమున ఆ స్థానము మూతపడినను, పెక్కు గ్రంథములు ఇంటర్నెట్ ఆర్కైవులో చేరియుండుటచే దక్కినవి. పాత క్రమసంఖ్యలు కూడ అందు నిలిచినవి. పూర్వపు ఉల్లేఖములను నేటికిని పోల్చుకొనవచ్చును. ఇది మెచ్చదగిన పని. కాని పాత పట్టికలోని రోమను లిపి శీర్షికలును అట్లే తరలివచ్చినవి. దీర్ఘము తెలియదు, ల-ళ భేదము తెలియదు. కల, కళ, కాల, కాళ – నాలుగింటికిని ఒక్కటే రూపము! ముఖపత్రముపై చక్కని తెలుగున అచ్చైన పేరును మనము ఊహించి వెదకుకొనవలసి వచ్చినది. ఢిల్లీలో తెలుగు పరిశోధన చేయు విద్యార్థికి వేటపాలెము సారస్వత నికేతనము గాని, రాజమహేంద్రవరము గౌతమీ గ్రంథాలయము గాని చేరువలో లేవు. పట్టికలో దొరకని పుస్తకము వానికి లేనట్టిదే.

ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి. నిర్వహణలో 2018లో జాతికి అంకితమైన నేషనల్ డిజిటల్ లైబ్రరీ పద్ధతి వేఱు. అది చాలవఱకు వివరములను మాత్రమే గ్రహించి, పాఠకుని మూలస్థానమునకు పంపును. వ్యయము తక్కువ, హక్కుల చిక్కు తక్కువ. అయినను మూలము మూతపడిననాడు పేరు మాత్రమే మిగులును. హక్కులు తీరిన పూర్వగ్రంథముల విషయమున ప్రతిని కూడ తెచ్చుకొనుటయే మేలని నా అభిప్రాయము.

పట్టికలో రెండు లిపులకు చోటు లేదనువారు కలరు. వాడుకలోనున్న డబ్లిన్ కోర్ పట్టికలో 15 అంశములున్నవి; ప్రతి అంశమును ఎన్నిమార్లైన వ్రాయవచ్చును. శీర్షికను తెలుగునను రోమనునను ఇచ్చుటకు అడ్డేమి? కర్తృనామముల చిక్కు ఇంతకన్న గట్టిది. 'చెళ్ళపిళ్ళ', 'చెళ్లపిళ్ల' అను రెండు వ్రాతలును మనకు ఒక్కటే; యంత్రమునకు వేఱువేఱు. ఇంటిపేరు ముందో వెనుకో అను తగవు దీనికి తోడు. రూపభేదములన్నిటిని ఒక ప్రామాణిక నామము క్రింద కూర్చిన పట్టిక లేనిదే ఎన్ని స్థానములను కలిపినను ఒక కవి నలుగురుగా కనబడుచుండును.

ఇది యూనికోడున ముఖపత్రమును చూచి వ్రాయు పని. స్నాతకోత్తర విద్యార్థులకు గ్రంథపరిష్కరణ పాఠముతో పాటు దీనిని అప్పగింపవచ్చును. ఆచార్యుడు సరిచూచిన పిమ్మటనే వివరములు క్రొత్త స్థానమున చేరవలయును.