అన్నకో పన్ను, తమ్ముడికో పన్ను

అన్న గుంటూరులో, తమ్ముడు డాలస్‌లో. 2004-05లో ఊరి శివార్లలో పక్కపక్కనే చెరో ఐదు లక్షలకు స్థలాలు కొన్నారనుకుందాం. 2024 డిసెంబరులో చెరో 20 లక్షలకు అమ్మేశారు.

అన్న ద్రవ్యోల్బణ సూచీ ప్రకారం కొన్న ధరను 16.06 లక్షలుగా లెక్కగట్టి, మిగిలిన లాభంపై 20 శాతం, అంటే సుమారు 79 వేలు కడితే చాలు. తమ్ముడికి ఆ వీలు లేదు. 15 లక్షల లాభంపై 12.5 శాతం చొప్పున 1,87,500 కట్టాలి. సెస్సు ఇద్దరికీ అదనం.

ఇది అన్యాయం.

2024 జూలై 23కు ముందు కొన్న స్థిరాస్తులపై ఈ రెండింటిలో తక్కువ పన్ను పడే పద్ధతిని ఎంచుకునే వెసులుబాటును కేంద్రం ఇక్కడ నివసించేవారికే ఇచ్చింది. ధరలు ఇద్దరికీ ఒకేలా పెరిగాయి కదా! పైగా 50 లక్షల లోపు అమ్మకమైతే అన్నకు మూలంలోనే పన్ను కోత (టీడీఎస్) ఉండదు, తమ్ముడికి ఎంత చిన్న మొత్తమైనా తప్పదు. ఆ కోత తగ్గాలంటే ప్రవాసులు అమ్మకానికి ముందే ఆదాయపన్ను శాఖ ధ్రువపత్రానికి దరఖాస్తు చేసుకోవాలి.