మగ్గానికి బోర్డు వస్తోంది.. దాని తాళం ఎవరి చేతిలో? వేటపాలెం నేతన్నల ముందున్న అసలు ప్రశ్న

బాపట్ల జిల్లా వేటపాలెం పేరు చెప్పగానే జీడిపప్పు, సారస్వత నికేతనం గ్రంథాలయం గుర్తొస్తాయి. వాటితో పాటే చేనేత. చీరాల, వేటపాలెం చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకు ఈరోజుకీ మగ్గమే అన్నం పెడుతోంది. దేశంలోని చేనేత కేంద్రాల్లో ఇప్పుడు మగ్గం చుట్టూ చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలు చేరుతున్నాయి. డిజైన్ నడిపే ఎలక్ట్రానిక్ జకార్డ్, కండెలు చుట్టే యంత్రం, ఆసు పోసే యంత్రం.. ఇలాంటి వాటి లోపల ఒక సర్క్యూట్ బోర్డు, దాని మీద ఒక చిప్, ఆ చిప్‌లో ఒక ప్రోగ్రాం ఉంటాయి.

యంత్రం కొనడం వరకు బాగానే ఉంది. మరి బోర్డు కాలిపోతే? ప్రోగ్రాంలో చిన్న మార్పు కావాలంటే? తయారు చేసినవాళ్లు దుకాణం మూసేస్తే? చేనేతలో టెక్నాలజీపై జరగాల్సిన చర్చ మొదలవ్వాల్సింది ఇక్కడే.

అట్టకూ చిప్‌కూ తేడా ఇదే

పాత జకార్డులో డిజైన్ అంతా చిల్లులు పెట్టిన అట్టల్లో ఉంటుంది. 1804లో ఫ్రాన్స్‌కు చెందిన జోసెఫ్ మారీ జకార్డ్ తెచ్చిన పద్ధతి ఇది. చిల్లు ఉన్నచోట ఒక పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. డిజైన్ మారాలంటే అట్టల దండ మొత్తం మార్చాలి. దానికి ఖర్చు, సమయం రెండూ కావాలి. ఎలక్ట్రానిక్ జకార్డులో అట్టల పని చిప్ చేస్తుంది. కంప్యూటర్‌లో గీసిన డిజైన్‌ను పెన్ డ్రైవ్‌లో తెచ్చి ఎక్కిస్తే చాలు.

లాభం స్పష్టంగానే ఉంది. కానీ ఒక తేడాను గమనించాలి. అట్ట చిరిగితే నేతన్నకు కనిపిస్తుంది. అతికించుకుంటాడు, లేదంటే ఇంకొకటి కొట్టించుకుంటాడు. చిప్‌లో ఉన్నది కంటికి కనిపించదు. పైగా చాలా మైక్రోకంట్రోలర్లలో లోపలి ప్రోగ్రాంను ఎవరూ బయటికి చదవకుండా తాళం వేసే వీలుంటుంది. డిజైన్ చేసినవాళ్లు ఆ తాళం వేయడంలో తప్పేమీ లేదు. పోటీదారులు కాపీ కొట్టకుండా అదే వాళ్లకు రక్షణ. అయితే ఆ సంస్థ మాయమైన రోజున మగ్గం ఆగిపోయేది మాత్రం నేతన్న ఇంట్లో.

అసలేంటీ కస్టమ్ హార్డ్‌వేర్?

మార్కెట్‌లో దొరికే రెడీమేడ్ పరికరం కాకుండా, ఒక కస్టమర్ అవసరానికి తగ్గట్టు బోర్డును, దాని ప్రోగ్రాంను కొత్తగా తయారు చేసి ఇవ్వడమే కస్టమ్ హార్డ్‌వేర్ డిజైన్. ముందుగా ఏం కావాలో రాసుకుంటారు. తర్వాత సర్క్యూట్ గీస్తారు, బోర్డు లేఅవుట్ వేస్తారు. నమూనా చేసి, ప్రోగ్రాం రాసి పరీక్షిస్తారు. అన్నీ కుదిరాకే ఎక్కువ సంఖ్యలో తయారు చేయిస్తారు. వాషింగ్ మెషిన్‌లో, కరెంటు మీటర్‌లో, బైకులో ఉండే చిన్న కంప్యూటర్‌ను ఎంబెడెడ్ సిస్టమ్ అంటారు. అది ఒకే పనికి కట్టుబడి ఉంటుంది, ఆ పనే రోజంతా చేస్తుంది.

ఈ రంగంలో తెలుగు నేలకు మంచి ఉదాహరణే ఉంది. 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్, ఎన్నికల సంఘం కోసం 1979లో ఓటింగ్ యంత్రం నమూనాను రూపొందించింది. 1980 ఆగస్టు 6న ఎన్నికల సంఘం దాన్ని పార్టీల ప్రతినిధులకు చూపించింది. 1982లో కేరళలోని పరూరులో తొలిసారి వాడారు. కరెంటు లేని ఊళ్లోనూ పోలింగ్ జరగాలి కాబట్టి ఆ యంత్రం బ్యాటరీతో నడుస్తుంది. చదువు రానివాళ్లూ ఓటేయాలి కాబట్టి గుర్తు పక్కనే మీట ఉంటుంది. అంటే యంత్రం ఎలా ఉండాలో వాడేచోటి పరిస్థితి నిర్ణయించింది. డిజైన్ ఆ తర్వాత వచ్చింది.

ఆసు యంత్రం ఏం చెబుతోంది?

చేనేతలో ఇదే మాట చింతకింది మల్లేశం విషయంలో రుజువైంది. యాదాద్రి భువనగిరి జిల్లా శారాజీపేటకు చెందిన ఆయన, ఆసు పోసి పోసి చేతులు నొప్పులు పుట్టిన తల్లి లక్ష్మి కష్టం చూసి యంత్రం తయారీకి పూనుకున్నారు. ఒక్క చీరకు చేతిని దాదాపు 9 వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. నాలుగైదు గంటలు పట్టే ఆ పని లక్ష్మీ ఆసు యంత్రంతో గంటన్నరకు తగ్గింది. 1999లో యంత్రం పని చేయడం మొదలైంది. తర్వాతి మోడళ్లలో ఎలక్ట్రానిక్ నియంత్రణ వచ్చింది. 2011లో పేటెంట్, 2017లో పద్మశ్రీ వచ్చాయి.

ఆయన పెద్ద చదువులు చదవలేదు. అయినా యంత్రం నిలబడింది. కారణం ఒక్కటే.. ఎక్కడ నొప్పి పుడుతోందో ఆయనకు తెలుసు. సమస్య రాసుకున్నదీ, పరిష్కారం చేసిందీ ఒకే ఇంట్లో జరిగాయి. బయటి సంస్థకు డిజైన్ అప్పగించినప్పుడు ఈ రెండూ విడిపోతాయి. పనులు చెడేది ఎక్కువగా ఆ ఎడంలోనే.

చీరాల ప్రాంతానికి ఇది దూరపు కథేమీ కాదు. ఒకప్పుడు ఇక్కడి నుంచే తేలియా రుమాళ్లు అరబ్ దేశాలకు వెళ్లాయి. పోగుకు ముందే రంగు అద్ది నేసే ఆ పద్ధతికీ ఆసు తప్పనిసరి. కాలక్రమంలో ఆ నైపుణ్యం తెలంగాణలోని పుట్టపాకలో నిలబడింది. 2020లో భౌగోళిక గుర్తింపు కూడా అక్కడి నేతకే దక్కింది. పని ఎక్కడ బతికితే హక్కూ అక్కడికే చేరుతుంది అనడానికి ఇదొక గుర్తు.

వేటపాలెంలో బోర్డు బతకాలంటే..

ఎయిర్ కండిషన్ ల్యాబ్‌లో బాగా పని చేసిన బోర్డు వేటపాలెంలో పని చేస్తుందన్న గ్యారంటీ లేదు. సముద్రం పక్కనే ఉంది. ఉప్పుగాలికి రాగి తీగలు తుప్పు పడతాయి. గుంట మగ్గం దగ్గర నేల ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. పెద్ద వాన పడితే గుంటల్లోకి నీళ్లొస్తాయి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. దీనికి తోడు గాల్లో ఎగిరే నూలు పీచు, వచ్చీపోయే కరెంటు.

కాబట్టి ఇక్కడి మగ్గానికి బోర్డు కావాలంటే కొన్ని షరతులు ముందే రాసుకోవాలి. బోర్డు మీద చెమ్మ పట్టని పూత ఉండాలి. పెట్టె గుంటలో కాకుండా పైన బిగించేలా ఉండాలి. పీచు లాక్కునే ఫ్యాన్ లేకుండా నడవాలి. కరెంటు పోతే ఎన్నో పేక దగ్గర ఆగిందో యంత్రం గుర్తుంచుకోవాలి, లేకపోతే బుటా మధ్యలో తప్పు పడి చీర ధర పడిపోతుంది. తప్పు నేసిన పేకలు విప్పినప్పుడు డిజైన్ కూడా వెనక్కి నడవాలి. తెర మీద తెలుగు అక్షరాలు ఉండాలి. ఇవన్నీ మగ్గం మీద కూర్చునేవాళ్లు చెబితేనే ఇంజనీర్‌కు తెలుస్తాయి.

ఖర్చు ఎక్కడ తగ్గుతుంది?

కస్టమ్ డిజైన్ అనగానే ఖరీదు అనే భయం ఉంది. అందులో నిజం కొంతే. డిజైన్‌కు ఒక్కసారి పెట్టే ఖర్చు వేరు, ఒక్కో బోర్డు తయారీకి అయ్యే ఖర్చు వేరు. ఉదాహరణకు డిజైన్ ఖర్చు 5 లక్షల రూపాయలు అనుకుందాం. పది మగ్గాలకు చేయిస్తే ఒక్కో మగ్గంపై 50 వేలు పడుతుంది. అదే 500 మగ్గాలకు చేయిస్తే వెయ్యి రూపాయలే. అంటే ఒక్కో నేతన్న విడివిడిగా కొంటే ఇది భారం. సొసైటీలు, మాస్టర్ వీవర్లు కలిసి ఒకే డిజైన్ చేయించుకుంటే భరించదగ్గ ఖర్చు.

ఇక్కడ రెండో జాగ్రత్త కూడా ఉంది. 2020 తర్వాత ప్రపంచమంతా చిప్‌ల కొరత వచ్చినప్పుడు కార్ల కంపెనీలే తయారీ ఆపుకోవాల్సి వచ్చింది. ఒకే కంపెనీ, ఒకే మోడల్ చిప్‌పై ఆధారపడిన బోర్డుకు ప్రత్యామ్నాయం ముందే చూసుకోకపోతే చిన్న కస్టమర్ క్యూలో చివర నిలబడాల్సిందే.

డబ్బిచ్చినంత మాత్రాన డిజైన్ మనదేనా?

చాలామంది అవుననే అనుకుంటారు. కానీ 1957 కాపీరైట్ చట్టం అలా చెప్పడం లేదు. ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా రాసిన ప్రోగ్రాంకు మామూలుగా యజమానే హక్కుదారు. బయటి డిజైనర్‌కు డబ్బిచ్చి రాయించుకుంటే మాత్రం, వేరే ఒప్పందం లేనంతవరకు, రాసిన వ్యక్తే మొదటి హక్కుదారు. హక్కు బదిలీ కావాలంటే సెక్షన్ 19 ప్రకారం సంతకంతో కూడిన రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లుగానే లెక్కిస్తారు. అంటే నోటిమాట మీద యంత్రం చేయించుకున్న సొసైటీకి చేతిలో మిగిలేది రసీదు మాత్రమే.

రిపేరు హక్కు సంగతి చూద్దామా అంటే.. కేంద్రం 2022 డిసెంబర్ 24న పోర్టల్ ప్రారంభించింది. కానీ తొలుత ఎంచుకున్న నాలుగు రంగాలు వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, గృహోపకరణాలు, వాహనాలు. ఆ నాలుగింటిలో మగ్గం లేదు.

మోటారు ఎక్కితే చేనేత అంటారా?

ఇది అన్నిటికంటే సున్నితమైన విషయం. 1985 చేనేత రిజర్వేషన్ చట్టం కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే కేటాయించింది. మొదట 22 రకాలు ఉండగా తర్వాత 11కి తగ్గాయి. ఆ చట్టం ప్రకారం పవర్‌లూమ్ కానిదే చేనేత మగ్గం. 12వ పంచవర్ష ప్రణాళిక రోజుల్లో ఒక్క దశైనా మనిషి చేత్తో జరిగితే చేనేతగా లెక్కించాలన్న ప్రతిపాదన వస్తే నేత సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. పవర్‌లూమ్ సరుకు చేనేత పేరుతో అమ్ముడుపోతుందన్నదే వాళ్ల భయం. ఆ భయం ఈరోజుకీ పోలేదు.

అందుకే బోర్డు ఏ పని చేస్తుందన్నది డిజైన్ దశలోనే తేలాలి. కండె చుట్టడం, ఆసు పోయడం మగ్గానికి బయట జరిగే పనులు. ఏ పోగు లేవాలో ఎంపిక చేయడం అట్టల పనే. నాడె విసరడం, పేక కొట్టడం మోటారుకు అప్పగిస్తే మాత్రం కథ మారిపోతుంది. నేతన్నకు అందే పథకాలు, చేనేత మార్కు, చీరకు వచ్చే ధర అన్నీ ఆ గుర్తింపు మీదే ఆధారపడ్డాయి. మగ్గాలకు నెలకు 200 యూనిట్ల ఉచిత విద్యుత్ ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. కరెంటు వచ్చాక మోటారు రావడం ఎంతో దూరం కాదు. కొనే ముందే చేనేత జౌళి శాఖ నుంచి రాతపూర్వకంగా స్పష్టత తీసుకోవడం మేలు.

కోట్లు అటు.. అవసరం ఇటు

ఎలక్ట్రానిక్స్‌కు ప్రభుత్వాలు డబ్బు పెట్టడం లేదా అంటే.. పెడుతున్నాయి. విడిభాగాల తయారీకి 22,919 కోట్ల రూపాయల పథకాన్ని కేంద్ర కేబినెట్ 2025 మార్చి 28న ఆమోదించింది. అదే ఏడాది ఆగస్టు 12న ఆంధ్రప్రదేశ్‌కు చిప్ ప్యాకేజింగ్ యూనిట్ మంజూరైంది. 2021లో వచ్చిన డిజైన్ ప్రోత్సాహక పథకం దృష్టి ప్రధానంగా చిప్‌ల మీద. ఇవన్నీ పెద్ద ఫ్యాక్టరీల లెక్కలు. ఐదు వందల బోర్డులు కావాల్సిన నేత సొసైటీ ఈ లెక్కల్లో ఎక్కడా కనిపించదు.

దారి లేకపోలేదు. మంగళగిరిలో 2025 ఆగస్టు 20న రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ ప్రారంభమైంది. మంగళగిరి కూడా నేత ఊరే. హైదరాబాద్‌లో 2023 మార్చి 2న మొదలైన టీ-వర్క్స్‌లో నమూనాలు చేసుకునే వసతి ఉంది. వేటపాలెం, చీరాల, బాపట్ల చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. అక్కడి ఎలక్ట్రానిక్స్ విద్యార్థుల ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మార్కులతో ముగిసిపోకుండా పక్క ఊరి మగ్గం దగ్గరికి వెళ్తే, రిపేరు చేయగల చేతులు స్థానికంగానే తయారవుతాయి. ఈ నైపుణ్యం మగ్గంతోనే ఆగదు. జీడిపప్పు వేయించే పొయ్యికి వేడి కొలిచే పరికరం కావాలన్నా, గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలో తేమ చూసే పరికరం కావాలన్నా అదే చదువు పనికొస్తుంది.

అడ్వాన్స్ ఇచ్చే ముందు..

సొసైటీలు కాగితం మీద పెట్టించుకోవాల్సినవి ఐదు. ఒకటి, సర్క్యూట్ డ్రాయింగ్, బోర్డు ఫైళ్లు, విడిభాగాల జాబితా సొసైటీకి ఇవ్వాలి. రెండు, ప్రోగ్రాం హక్కు ఎవరిది, ఎన్నేళ్లు అన్నది రాయాలి. హక్కు ఇవ్వడం డిజైనర్‌కు ఇష్టం లేకపోతే, అసలు ప్రోగ్రాం కాపీని ఇద్దరూ నమ్మే మూడో చోట భద్రపరిచి, సంస్థ మూతపడితే సొసైటీకి అందేలా చూడాలి. మూడు, ముఖ్యమైన చిప్‌కు ప్రత్యామ్నాయం చూపించాలి. నాలుగు, కనీసం ఒక వానాకాలం నిజమైన మగ్గం మీద పరీక్షించాకే మిగతా డబ్బు చెల్లించాలి. ఐదు, ఊళ్లో ఇద్దరికైనా రిపేరు నేర్పాలి.

వీటికి ప్రత్యేక పథకమో కొత్త చట్టమో అక్కర్లేదు. సొసైటీ సమావేశంలో ఒక తీర్మానం, ఒప్పందంలో ఒక పేజీ చాలు. ఆ పేజీ లేకుండా వచ్చిన యంత్రం మొదటిసారి ఆగిన రోజున, నేతన్న మళ్లీ అటక మీది అట్టలు దించుకోవాల్సి వస్తుంది.