మా వదినమ్మ



మా వదినమ్మ ప్రభువునందు నిద్రించింది. ఆళ్ళగడ్డ దగ్గర మా పల్లెలో భూస్థాపన జరిగింది. ఆదరణ కూటంలో అందరూ ఆమె ప్రార్థనాపరురాలని, ఇంటికొచ్చిన వారికి అన్నం పెట్టనిదే పంపేది కాదని సాక్ష్యమిచ్చారు. అది నిజమే. మేము మాత్రం చెప్పవలసిన సంగతి చెప్పలేక కూర్చున్నాము.

మన నంద్యాల సీమ పెద్దలకు ఇది జ్ఞాపకముంటుంది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు, ఇక్కడి ఎస్.పి.జి. మిషను సంఘాలలో చాలామంది అందులో చేరక కలకత్తా మెట్రోపాలిటన్ క్రిందనే ఉండిపోయారు. చేరినవారు వేరుగా ఆరాధించుకున్నారు. 1963లో నంద్యాల ప్రత్యేక డయాసిస్ అయింది. అది దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది 1975లో. ఆ ఇరవై ఎనిమిదేండ్లు ఒకే బైబిలు చదివే బంధువులు వేర్వేరు గుళ్ళకు పోయారు.

వదినమ్మది చేరినవారి ఇల్లు, మాది చేరనివారి ఇల్లు. 1964లో ఆమె కోడలుగా వచ్చేటప్పుడు మా నాయన పెట్టిన షరతు ఒక్కటే: ఇకమీదట పుట్టింటివారి గుడిలో సంస్కారం తీసుకోకూడదు. ఆమె సరేనంది. క్రిస్మసుకు నంద్యాల పోయినా, అందరూ గుడికి బయలుదేరితే తాను పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లోనే ఉండేదట.

రూతు కథ మన గుళ్ళలో కోడళ్ళకే చెబుతాము. నయోమి తన కోడళ్ళను పుట్టిండ్లకు పొమ్మని తానే చెప్పిన మాట అత్తమామలకు ఎవరు చెబుతారు?

ఆమె తండ్రి చనిపోయినప్పుడు మా నాయన మట్టికి పోలేదు, మమ్మల్నీ పోనియ్యలేదు. అన్న, వదినమ్మ ఇద్దరే బస్సెక్కి పోయివచ్చారు. వచ్చిన సాయంత్రమే ఆమె పొయ్యి రాజేసి మాకు జొన్నరొట్టెలు కాల్చింది. చిన్నవాళ్ళమే గాని, ఏం జరిగిందో తెలియనంత చిన్నవాళ్ళం కాము. ఒక్కరమూ ఆమెను పలకరించలేదు. తిని లేచాము.

తర్వాత నాయనకు పక్షవాతం వచ్చి ఏడు నెలలు మంచం మీదున్నాడు. ఒళ్ళు తుడిచింది, గంజి తాపింది వదినమ్మే. ఒకరాత్రి ఆయన వంకరపోయిన నోటితో, "మీ నాయన మట్టికి రాలేదు గదమ్మా" అన్నాడు. ఆమె గ్లాసు అందిస్తూ, "మందు తాగు మామా" అంది. అంతే. ఆయనైనా అడిగాడు. పెద్దయి, పిల్లలకు పెండ్లిండ్లు చేసిన మేము ఆ మాట అడగనేలేదు. ఆమె ఎప్పుడో మరచిపోయి ఉంటుందిలే అనుకున్నాము. అలా అనుకోవడం మాకు సులువు.

పుట్టింటి చీర తెచ్చిన ఆమె తమ్ముడు కూటమయ్యే దాక మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన బయలుదేరుతుంటే మేమూ నంద్యాల బస్సెక్కాము. సమాధుల తోటలో వాళ్ళ నాయన రాతిపై అక్షరాలు సగం చెరిగిపోయాయి. చుట్టూ గడ్డి మోకాలెత్తు పెరిగింది. ఆయన ఒకపక్క, మేమొకపక్క కూర్చొని పీకడం మొదలుపెట్టాము.