చితి చల్లారాక క్షమాపణ

2024 జూలైలో శ్రీలంక మంత్రిమండలి ఒక నిర్ణయం తీసుకుంది. కోవిడ్ కాలంలో మృతదేహాలను నిర్బంధంగా దహనం చేయించినందుకు బాధిత సమాజాలకు క్షమాపణ చెప్పాలన్నది దాని సారాంశం. ప్రభుత్వం తన తప్పును ఒప్పుకోవడం హర్షణీయమే. కానీ అప్పటికి ఆ దేహాలు బూడిదై మూడేళ్లు దాటాయి. ఈ ఆలస్యం నుండి మనం నేర్చుకోవలసినది ఉన్నదని మేము భావిస్తున్నాము.

జరిగినది క్లుప్తంగా చెప్పుకుందాం. 2020 మార్చిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ మృతులను పూడ్చినా, దహనం చేసినా ఫరవాలేదని, అంటువ్యాధితో మరణించినవారిని దహనమే చేయాలనడం అపోహ అని స్పష్టం చేసింది. అయినా 2020 ఏప్రిల్ 11న శ్రీలంక ప్రభుత్వం గెజిట్ వెలువరించి దహనాన్ని తప్పనిసరి చేసింది. 800 నుండి 1200 డిగ్రీల వేడిలో, కనీసం ముప్పావుగంట నుండి గంటసేపు దేహాన్ని కాల్చాలని అందులో వ్రాశారు. పూడ్చితే భూగర్భజలాలు కలుషితమవుతాయని సమర్థించుకున్నారు. సుప్రీంకోర్టుకు వెళ్లిన ముస్లిం, క్రైస్తవ కుటుంబాల పిటిషన్లు డిసెంబరు 1న విచారణకైనా నోచుకోకుండా కొట్టివేయబడ్డాయి. అదే నెలలో 20 రోజుల పసికందును తల్లిదండ్రుల అంగీకారం లేకుండానే దహనం చేశారు. కొలంబోలోని శ్మశానవాటిక కంచెకు ప్రజలు తెల్లని గుడ్డపేలికలు కట్టి నిరసన తెలిపారు. ఆ తెల్లని గుడ్డలో ప్రతి ముస్లిముకూ కనబడినది కఫనే.

దహనంలో దేహానికి ఏమి జరుగుతుందో మన ఇళ్లలో చాలామందికి తెలియదు. తెలుసుకుంటేనే ఈ అన్యాయం లోతు అర్థమవుతుంది. మానవదేహంలో సగానికి పైగా నీరే. కొలిమిలో మొదట ఆ నీరు ఆవిరవుతుంది. తరువాత చర్మం, కండరాలు, కొవ్వు, అవయవాలు మండి వాయువులుగా మారి పొగగొట్టం గుండా వెళ్లిపోతాయి. చివరకు మిగిలేది ఎముకలలోని ఖనిజభాగం, ముఖ్యంగా కాల్షియం ఫాస్ఫేట్. అది పెళుసుబారి ముక్కలు ముక్కలుగా ఉంటుంది. గోదావరి, కృష్ణ తీరాలలో మన హిందూ సోదరులు భక్తితో నిమజ్జనం చేసే అస్థికలు ఇవే. అనేక దేశాల ఆధునిక దహనశాలలలో ఈ ముక్కలను యంత్రంతో పొడి చేసి బంధువులకు ఇస్తారు. పెద్దవారి దేహం నుండి మిగిలేది సుమారు 2 నుండి 3 కిలోలు. అంతటి వేడిలో డీఎన్‌ఏ దాదాపు పూర్తిగా నశిస్తుంది. ఆ పొడి ఎవరిదో తరువాత తేల్చడం బహుకష్టం.

ఖననానికీ దహనానికీ మధ్య చట్టం దృష్టిలో ఉన్న పెద్ద తేడా ఇదే. పూడ్చిన దేహం విషయంలో పొరపాటు జరిగితే, అనుమానం తలెత్తితే, అధికారుల ఉత్తర్వుతో దానిని వెలికితీసి పరీక్షించవచ్చు. దహనమైన తరువాత ఏ ఉత్తర్వుకూ శక్తి ఉండదు. సర్కారీ కొలువులో ఫైళ్ల మధ్య జీవితం గడిపినవారము కనుక మాకు ఒక సంగతి బాగా తెలుసు. ఏ ఉత్తర్వునైనా సవరించవచ్చు, రద్దు చేయవచ్చు. బూడిదను సవరించలేము. వెనక్కి తీసుకోలేని పని చేసేముందు కుటుంబాన్ని అడగడం ప్రభుత్వానికి దయాధర్మం కాదు, విధి.

శ్రీలంక గెజిట్ కూడా చివరకు సవరించబడింది. 2021 ఫిబ్రవరి నెలాఖరున ఖననానికి అనుమతి లభించింది. మార్చిలో బట్టికలోవా జిల్లా ఓట్టమావడిలో తొలి ఖననాలు జరిగాయి. ఆ నేలలో 3,600కు పైగా కోవిడ్ మృతులు విశ్రమిస్తున్నారు. వారిలో ముస్లిములే కాదు, బౌద్ధులు, హిందువులు, క్రైస్తవులు కూడా ఉన్నారు. సురక్షితంగా పూడ్చిన దేహాల నుండి వ్యాధి వ్యాపించదని తరువాతి అధ్యయనాలు తేల్చాయని ఆ ప్రభుత్వమే క్షమాపణ సందర్భంలో అంగీకరించింది.

ఇది పరాయిదేశపు కథ మాత్రమేనా? 2020 మార్చి 30న ముంబయి నగరపాలక సంస్థ కూడా మతంతో నిమిత్తం లేకుండా కోవిడ్ మృతులందరినీ దహనం చేయాలని ఉత్తర్వు ఇచ్చింది. నిరసనలు రాగానే గంటల వ్యవధిలో ఉపసంహరించుకుంది. బాంద్రా ఖబ్రస్తాన్లలో ఖననాలను ఆపాలని కొందరు కోర్టుకెక్కగా, అదే ఏడాది మే 22న బొంబాయి హైకోర్టు వారి వాదనను తిరస్కరించి, గౌరవప్రదమైన అంత్యక్రియ రాజ్యాంగంలోని 21వ అధికరణం కల్పించిన హక్కులో భాగమని చెప్పింది. శ్రీలంకలో నెలలు పట్టినది ఇక్కడ గంటలలో సరిదిద్దబడటానికి కారణం, సమయానికి గొంతు ఎత్తినవారు ఉండటమే.

మా వాదన దహనసంస్కారానికి వ్యతిరేకం కాదు. అది కోట్లాది మంది పవిత్రాచారం. కోవిడ్ రెండవ అలలో బంధువులు దగ్గరకు రాలేని హిందూ మృతులకు మన యువకులు, మన తెలుగు ప్రాంతాలలో కూడా, చితి పేర్చి వారి ఆచారం ప్రకారమే సాగనంపారు. 2020 సెప్టెంబరులో హత్రాస్‌లో దళిత యువతి దేహాన్ని అర్ధరాత్రి కుటుంబం ఒప్పుకోకుండానే పోలీసులు దహనం చేశారు. ఆ కుటుంబపు ఆచారం దహనమే. అయినా అది అన్యాయమే, అలహాబాదు హైకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టవలసి వచ్చింది. కనుక తప్పు నిప్పులో లేదు, అడగకపోవడంలో ఉన్నది.

మరి మనమేమి చేయాలి? ప్రతి మస్జిద్ కమిటీ ఇద్దరు బాధ్యుల పేర్లు, ఫోను నంబర్లు వ్రాసి సమీప ప్రభుత్వాసుపత్రి శవాగారంలోనూ, పోలీసు స్టేషనులోనూ ఇచ్చి, అందినట్లు రసీదు తీసుకోవాలి. గుర్తు తెలియని ముస్లిం మయ్యత్ వచ్చినప్పుడు గుసుల్, కఫన్, జనాజా నమాజు మా బాధ్యత అని అందులో వ్రాయాలి. దిక్కులేని మృతులకు కూడా వారి మతాచారం ప్రకారం గౌరవప్రదమైన అంత్యక్రియ జరగాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పిందని జోడించాలి. ఖబ్రస్తాన్ భూమి వివరాలు వక్ఫ్, రెవెన్యూ దస్త్రాలు రెండింటిలోనూ సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఎవరైనా అధికారి నోటిమాటతో దహనానికి సిద్ధపడితే, లిఖితపూర్వక ఉత్తర్వు ఇవ్వమని మర్యాదగా, గట్టిగా అడగాలి. చాలాసార్లు ఆ ఒక్క ప్రశ్నతోనే తొందరపాటు ఆగుతుంది.

మృతుడు తన హక్కు తాను అడగలేడు. బ్రతికినవారే అడగాలి, అది కూడా చితి వెలగకముందే అడగాలి. అక్కడ బూడిదైన మన సోదర సోదరీమణులందరికీ అల్లాహ్ మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.