మొదటి కుట్టుకు ముందే లెక్క

చలికాలం సమీపిస్తున్నదంటే మన ఇళ్ళలో పెట్టె అడుగున దాచిన సలాయీలు బయటికి వస్తాయి. మనుమడికి స్వెటర్, చంటిబిడ్డకు టోపీ, పెద్దవారికి శాలువా సిద్ధమవుతాయి. వాటితోపాటు ఏ సంవత్సరంలోనో సగంలో ఆగిపోయిన అల్లిక కూడా ఒకటి కనబడుతుంది. వెడల్పు ఎక్కువైందని ఒకటి ఆగుతుంది, రెండో చేతికి ఊలు చాలలేదని మరొకటి ఆగుతుంది. అల్లిన వారి పనితనంలో లోపం ఉండదు. లెక్క ముందుగా వేసుకోకపోవడమే లోపం. ఊలు ధనం. దానిపై వెచ్చించిన రాత్రులు అంతకంటే పెద్ద ధనం. ఈ రెండూ వృథా కాకుండా చూసుకోవడానికి కావలసిన గణితం ప్రాథమిక పాఠశాల స్థాయిని దాటదు.

ఆ గణితం పేరు త్రైరాశికం. మూడు సంఖ్యలు తెలిసినప్పుడు నాలుగవదాన్ని కనుగొనే పద్ధతి అది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో నివసించిన ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ తన బీజగణిత గ్రంథంలో వ్యాపార వ్యవహారాల అధ్యాయాన్ని ఈ పద్ధతిపైనే నిలిపారు. అదే గ్రంథంలో వారసత్వపు పంపకాలకు ఒక పెద్ద భాగం కేటాయించారు. మేము విద్యార్థులకు బోధించే ఫరాయిజ్ లెక్కలకూ, సోదరీమణులు ఒడిలో పెట్టుకుని చేసే అల్లికకూ గల చుట్టరికం ఇక్కడే ఉన్నది. దానిని ఒక బాలుని స్వెటర్ ద్వారా చూద్దాం.

ముందుగా నమూనా ముక్క. అల్లబోయే ఊలుతోనే, అవే సలాయీలతో 15 సెంటీమీటర్ల చదరపు ముక్క ఒకటి అల్లాలి. దానిని తడిపి, ఆరబెట్టి, మధ్యభాగంలో స్కేలు ఉంచి 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు, అంటే ఫందాలు ఉన్నాయో, ఎన్ని వరుసలు ఉన్నాయో లెక్కించాలి. అంచుల దగ్గర కుట్లు బిగుసుకుంటాయి గనుక అక్కడ కొలవరాదు. అర కుట్టు వచ్చినా విడిచిపెట్టరాదు. మన ముక్కలో 22 కుట్లు, 30 వరుసలు వచ్చాయనుకుందాం.

బాలుని ఛాతీ చుట్టుకొలత 60 సెంటీమీటర్లు. లోపల చొక్కా ఉంటుంది గనుక వదులు కోసం 6 కలిపితే 66. అందులో ముందుభాగానికి సగం, అంటే 33. పది సెంటీమీటర్లకు 22 కుట్లయితే 33 సెంటీమీటర్లకు ఎన్ని? 33ను 22తో గుణించి 10తో భాగిస్తే 72.6 వస్తుంది. దీనిని 72గా తీసుకుని, పక్కలు కలిపి కుట్టడానికి ఇరువైపులా ఒక్కొక్క కుట్టు చేరిస్తే 74. సలాయీపై వేయవలసిన కుట్లు ఇవే. వెనుకభాగానికీ ఇదే సంఖ్య.

నమూనా ముక్క అల్లకుండా పాత అలవాటు కొద్దీ 74 కుట్లు వేశామనుకోండి. చేతి వదులు వల్ల పది సెంటీమీటర్లకు 22కు బదులు 20 కుట్లే వస్తే ఏమవుతుంది? ఆ 72 కుట్లే 36 సెంటీమీటర్లు ఆక్రమిస్తాయి. రెండు భాగాలు కలిసి 72 సెంటీమీటర్లు. చూపుకు ఆనని రెండు కుట్ల తేడా ఛాతీ దగ్గర దాదాపు ఆరున్నర సెంటీమీటర్లుగా తేలుతుంది. ఆ సంగతి తెలిసేసరికి సగం స్వెటర్ పూర్తయి ఉంటుంది.

72.6ను 73గా కాక 72గా ఎందుకు తీసుకున్నామని అడగవచ్చు. రెండు సీదా, రెండు ఉల్టా అల్లే సాగే అంచుకు నాలుగేసి కుట్లు కావాలి. 72 నాలుగుతో సరిగ్గా భాగింపబడుతుంది. ఆపైన ఒక వరుస పువ్వులు ఆరేసి కుట్లవి, మరొక వరుస ఆకులు ఎనిమిదేసి కుట్లవి అల్లదలచామనుకుందాం. రెండూ అంచు దగ్గర తెగిపోకుండా ముగియాలంటే ఆరుకూ ఎనిమిదికీ ఉమ్మడి గుణిజం చూడాలి. అది 24. మూడు ఇరవైనాలుగులు 72. సంతానం గల వ్యక్తి మరణించినప్పుడు భార్యకు ఎనిమిదవ వంతు, తల్లికి ఆరవ వంతు ఇవ్వవలసి వస్తే ఫరాయిజ్‌లో ఆస్తిని 24 భాగాలుగానే చేస్తారు. అక్కడ ఏ వారసుని వాటా తెగిపోరాదు, ఇక్కడ ఏ పువ్వూ తెగిపోరాదు.

ఈ లెక్క నేటిది కాదు. 1275లో మరణించిన స్పెయిన్ రాకుమారుడు ఫెర్నాండో దె లా సెర్దా సమాధిలో పట్టుదారంతో అల్లిన తలగడ గలీబు లభించింది. దానిపై శుభాన్ని సూచించే పదం అరబీ లిపిలో అల్లబడి ఉన్నది. ఆ అల్లికలో అంగుళానికి సుమారు 20 కుట్లు ఉన్నాయి. మన స్వెటర్‌లో అంగుళానికి ఐదున్నర మాత్రమే. అంత సన్నని అల్లికలో అక్షరాలు కుదురుగా అమరాలంటే ప్రతి కుట్టూ లెక్కలో ఉండవలసిందే.

ఇక చేతులు. మణికట్టు దగ్గర 40 కుట్లతో మొదలై పైన 64కు చేరాలి. పెరగవలసినవి 24. ఒకసారికి ఇరువైపులా ఒక్కొక్కటి పెంచుతాం గనుక పెంచే వరుసలు 12. అంచు తరువాత చేతి పొడవు 28 సెంటీమీటర్లయితే వరుసలు 84. 84ను 12తో భాగిస్తే 7, అంటే ప్రతి ఏడవ వరుసలో పెంచాలి. అయితే ఏడు బేసి సంఖ్య. కాబట్టి ఒకసారి ఎదురువైపు, ఒకసారి వెనుకవైపు పెంచవలసి వస్తుంది. దానికి బదులు ఆరుసార్లు ఆరేసి వరుసలకు, ఆరుసార్లు ఎనిమిదేసి వరుసలకు పెంచితే 36, 48 కలిసి అదే 84 అవుతుంది. ప్రతి పెంపూ ఎదురువైపే వస్తుంది.

ఊలు ఎంత కొనాలన్నది తరువాతి ప్రశ్న. నమూనా ముక్కను చిన్న ఎలక్ట్రానిక్ కాటాపై తూచండి. 225 చదరపు సెంటీమీటర్ల ముక్క 11 గ్రాములు తూగిందనుకుందాం. ముందు, వెనుక భాగాలు 33 వెడల్పు, 40 పొడవు చొప్పున 2,640 చదరపు సెంటీమీటర్లు. రెండు చేతులూ అంచులతో సహా సుమారు 1,500. మొత్తం 4,140. దీనిని 11తో గుణించి 225తో భాగిస్తే 202 గ్రాములు. మెడపట్టీకీ, కుట్టుకూ పదవ వంతు కలిపితే 222. యాభై గ్రాముల ఉండలు ఐదు కొనాలి. ఐదింటినీ ఒకేసారి, చీటీపై ఒకే రంగు లాట్ సంఖ్య ఉన్నవే తీసుకోవాలి. అదే రంగు మరొక లాట్‌లో కొద్దిగా వేరుగా ఉండవచ్చు.

చివరిది శ్రమ లెక్క. అమ్మకానికి అల్లే సోదరీమణులు దీనిని తప్పక వేయాలి. ఈ స్వెటర్‌లో కుట్లు సుమారు 27,700. నిమిషానికి 25 కుట్లు అల్లగలవారికి పద్దెనిమిదిన్నర గంటలు పడుతుంది. జోడింపులు, మెడపట్టీ కలిపితే 22 గంటలనుకోండి. ఊలు ఖర్చు పోను మూడు వందలు ఇస్తామని ఎవరైనా అంటే గంటకు పద్నాలుగు రూపాయలైనా పడదు. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురంలో లేసు అల్లే స్త్రీల గురించి జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ 1982లో ప్రచురించిన గ్రంథం ఇదే విషయాన్ని చూపింది. ఇంటిపట్టున తీరికవేళల్లో చేసే పనిగా దానిని పరిగణించినందువల్లనే అతి తక్కువ కూలి చెల్లింది. గంటలు లెక్కించని శ్రమను ఎదుటివారు శ్రమగా లెక్కించరు.

ఆత్మీయులకు ప్రేమతో అల్లి ఇచ్చేదానికి వెల కట్టనక్కరలేదు. బజారుకు ఇచ్చేదానికి మాత్రం తప్పక కట్టాలి. కనుక సలాయీల పక్కన ఒక చిన్న నోటుపుస్తకం ఉంచుకోండి. కొలతలు, కుట్లు, తూకం, గంటలు అందులో వ్రాయండి. లెక్కలు రావని బడిలో తల వంచుకునే అమ్మాయి ఇంట్లో ఉంటే ఆ పుస్తకం ఆమె చేతికే ఇవ్వండి. ఆమె వేసిన లెక్క సరైనదో కాదో తమ్ముని ఒంటిపై స్వెటరే చెబుతుంది.